అటక మీద పేరంటాలు

బోయిగూడ ఇల్లు ఖాళీ చేసే రోజు అటక దులిపే పని నాకు పడింది. ఇంటివాళ్ళ పిల్లలు స్థలాన్ని బిల్డరుకిచ్చేశారు. నాన్న మోకాళ్ళు స్టూలు ఎక్కనివ్వవు, అన్నయ్యకు దుమ్ము పడదు. ఇత్తడి గంగాళం, కుట్టుమిషను మూత, నాన్న పాత పత్రికల కట్టలు దింపాక, గోడవారన చేతికి వెదురు తగిలింది. చూడకుండానే అదేమిటో తెలిసింది. దగ్గరికి లాగితే పసుపు వాసన వస్తుందనుకున్నాను. రాలేదు. బొద్దింకల వాసన, పాత సున్నం వాసన వచ్చాయి. పెట్టెను గుండెకు ఆనించుకుని స్టూలు మీద అలాగే నిలబడిపోయాను. కింద నుంచి నాన్న, "ఇంకా ఏముందమ్మా?" అని అడిగారు. "పెట్టె" అన్నాను.

మాది విజయనగరం వైపు ఊరు. అటువైపు చాలా ఇళ్ళలో, పెళ్ళయి పసుపు కుంకుమలతో చిన్న వయసులో చనిపోయిన ఆడపిల్లను పేరంటాలు అంటారు. ఆమె ఆ ఇంటి దేవత అవుతుంది. గుడి ఉండదు, విగ్రహం ఉండదు. ఒక వెదురు పెట్టె, అందులో ఒక చీర, రవికెగుడ్డ, గాజులు, దువ్వెన, పసుపూ కుంకుమ భరిణెలు, అంతే. ఏడాదికోసారి పెట్టెలో కొత్త చీర పెట్టి, కిందటేటి చీర బయటికి తీసి, ఆ ఇంటి ఆడవాళ్ళలో ఒకరు కట్టుకుంటారు. మా పేరంటాలు నాన్నకు సొంత అక్క. పెళ్ళయిన ఏడాదికి ఆషాఢానికని పుట్టింటికి వచ్చి జ్వరంతో పోయింది. అప్పుడు నాన్నకు తొమ్మిదేళ్ళు. పట్నం ఆసుపత్రికి బండి కట్టిస్తానని తాతయ్య లేచేసరికి, తాయెత్తు కట్టినవాడు మూడు రోజులు గడువడిగాడట. ఇచ్చారట. ఇదంతా అమ్మ నాకు బియ్యం ఏరుతూ చెప్పింది. నాన్న నోటి నుంచి ఒక్క ముక్క కూడా నేను వినలేదు. ఆ పిల్ల పోయాక నానమ్మ ఆమెను పెట్టెలో దేవతగా నిలుపుకుంది. నాన్న పెద్దయ్యాక దేవుణ్ణి గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు.

తాతయ్య పోయాక నానమ్మ మా దగ్గరికి వచ్చింది. బస్సులో పధ్నాలుగు గంటలు ఆ పెట్టెను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుందట. మా ఇల్లు మూడు గదుల వాటా. వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు పోయి గ్యాసు వచ్చినా గోడలకు ఆ పాత వాసన అలాగే ఉండేది. నానమ్మ వచ్చాక దాని మీద ఆవ నూరిన వాసన, ఉదయంపూట చద్దన్నం వాసన చేరాయి. ఆవిడ కాళ్ళకు పసుపు రాసుకోవడం మానేసి చాలాకాలమైనా చేతులకు మాత్రం పసుపు మరక పోయేది కాదు, ఆ పెట్టెను రోజూ తాకేది కాబట్టి. నేను ఆవిడ మంచం పక్కనే చాప వేసుకుని చదువుకునేదాన్ని. ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేకపోయేదాన్ని. పగలంతా అనలేకపోయినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆవిడ ఓరగా చూసి, "ఏటి రాస్తన్నావే గుంటా, మీ నాన్నతో నా తగువులేనా?" అనేది.

అప్పట్లో మా పక్కనే ఉన్న పద్మారావు నగర్ గోడలన్నీ కంప్యూటరు కోర్సుల కాగితాలే. సినిమా పోస్టర్లకు కూడా చోటు మిగలలేదు. అన్నయ్య ఇంజనీరింగు చివరి ఏడాదిలో ఉన్నాడు. నాన్న బేగంపేటలో ఒక ఆఫీసులో ఆడిట్ విభాగంలో చేసేవారు. ఆదివారం ఆయన స్నేహితులు నలుగురైదుగురు వచ్చేవారు. ముందు గదిలో చాపలు పరిచి, దేవుడు, మతం, జాతకాలు, సైన్సు గురించి మధ్యాహ్నం దాకా చర్చలు. "ఈ ఇంట్లో ఏ ప్రశ్నకైనా చోటుంది" అని నాన్న తరచూ అనేవారు. నిజంగానే అడగనిచ్చేవారు. కానీ అడిగినవాళ్ళు మాట పూర్తిచేసే లోపే జవాబు సిద్ధంగా ఉండేది. విమానాలు మా ఇంటి మీదుగానే బేగంపేటలో దిగేవి. ఆ మోతలో ఎవరి మాటా వినపడదు. నాన్న అప్పుడు చూపుడువేలు పైకెత్తి, నోరు సగం తెరిచి అలాగే ఆగేవారు. విమానం దాటిపోగానే ఏ మాట దగ్గర ఆపారో సరిగ్గా ఆ మాట నుంచే మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ మధ్యలో ఆయనకు ఇంకో ఆలోచన వచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు.

శ్రావణం మొదటి శుక్రవారం నానమ్మ పేరంటాలికి చీర పెట్టేది. నాన్న ఆఫీసుకు వెళ్ళాక, గారెలు, పరమాన్నం వండి, పూజ అరగంటలో ముగించేది. రెండేళ్ళు అలాగే గడిచింది. పాత చీర అమ్మ కట్టుకునేది, నాన్న గమనించేవారు కాదు. మూడో ఏడు ఆ శుక్రవారం నాడు బంద్ వచ్చింది. ఆఫీసులు మూసేశారు. నాన్న ఇంట్లోనే ఉన్నారు. అయినా నానమ్మ ఆగలేదు. చిలకాకుపచ్చ నేతచీర, పసుపు అంచు, పెట్టెలో పెట్టి, "వచ్చే ఏడు ఇది నువ్వే కట్టాల. ఈడొచ్చింది కదేటి" అని నాతో అంటుండగా నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆయన అరవలేదు. అరవడం ఆయన పద్ధతి కాదు. వచ్చి నానమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"అమ్మా, వద్దని నేననను. ఒక ఏడాది ఆపి చూద్దాం. ఇవాళ్టి నుంచి పూజ ఆపు, వచ్చే శ్రావణానికి చీర పెట్టకు. ఆ లోపల ఈ ఇంట్లో ఎవరికైనా, ఏదైనా కీడు జరిగిందనుకో, నేనే, నా చేత్తో అప్పకి చీర పెడతాను. ఏమీ జరగలేదనుకో, పెట్టె అటకెక్కుతుంది. న్యాయంగా ఉందా లేదా?"

అక్కను మా వైపు అప్ప అంటారు. నాన్న ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. నానమ్మ కళ్ళు చిన్నవయ్యాయి.

"నీ సేత్తోనే?"

"నా చేత్తోనే."

"సీర నువ్వే కొనాల."

"కొంటాను" అని నాన్న నవ్వారు. "ఆ షాపతను అడిగితే ఎవరికని చెప్పమంటావ్?"

"మా అప్పకని సెప్పు" అంది నానమ్మ. "అయితే కానీ."

ఆవిడ ఎందుకు ఒప్పుకుందో ఆ రోజు నాన్నకు తెలియదు. తన వాదన గెలిచిందనుకున్నారు. ఆవిడకు కావలసిందల్లా కొడుకు ఒక్కసారి ఆ పెట్టె ముందు కూర్చుని అక్కకు చీర పెట్టడం. మరో దారిలో అది జరగదని ఆవిడకు తెలుసు.

ఇంటామె యాదమ్మ పెద్దమ్మకు ఈ సంగతి తెలిసి నెత్తి కొట్టుకుంది. ఆమె బోనాలకు పోచమ్మకు వేపాకు నీళ్ళు సాక పోసేది, గురువారం దర్గాకు పోయేది, కోడలి ప్రసవం కష్టమైనప్పుడు చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించి వచ్చింది. "గిదేం పందెమమ్మా! దేవునితోని పందెం గడ్తరా ఎవరన్న? మీ సార్‌కు పసంద్ లేకుంటే ఆ పెట్టె మా ఇంట్ల పెట్టు. మా పోచమ్మ పక్కకు ఉంటది. తాయెత్తులు సుత ఆడనే ఉన్నయ్. ఒగరితోని ఒగరికి లొల్లే లేదు."

నానమ్మ ఒప్పుకోలేదు. "మా పిల్ల ఒకరింట్లో ఉండదమ్మా. మా ఇంటి సెయ్యే పెట్టాల."

"తల్లీకొడుకులు ఇద్దరిద్దరే" అని గొణుక్కుంటూ పెద్దమ్మ తను పెంచే మేకపిల్లను అదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ ఏడాది మా ఇంట్లో అన్నీ మంచే జరిగాయి. అన్నయ్యకు కాలేజీలో ఉండగానే ఉద్యోగం వచ్చింది. నాన్నకు ప్రమోషను వచ్చింది. ఫ్రిజ్ కొన్నాం. ఒక్కొక్క మంచివార్త వచ్చినప్పుడల్లా నాన్న నానమ్మ వైపు తిరిగి, వేళాకోళంగానే, "అమ్మా, ఇది ఏ ఖాతాలో వేద్దాం?" అనేవారు. ఎవరైనా తుమ్మితే అన్నయ్య, "నానమ్మా, తుమ్మొకటి!" అని అరిచేవాడు. ఆవిడ కూడా నవ్వేది. కానీ సాయంత్రం మేం ఒక్కొక్కరం ఇంట్లోకి వస్తుంటే మా కాళ్ళ వైపు, చేతుల వైపు చూసుకునేది. దెబ్బ కోసం వెతుకుతోందో, దెబ్బ లేదని నిమ్మళిస్తోందో నాకు అర్థమయ్యేది కాదు. నేను మాత్రం డైరీలో ఇలా రాసుకున్నాను: "నాకేదైనా అయితే బాగుండు. పెద్దది కాదు. చెయ్యి విరిగినా చాలు. నాన్న చీర కొంటారు."

గడువు ఇంకో నెల ఉందనగా, ఆషాఢంలో, నాకు జ్వరం వచ్చింది. అన్నయ్య ట్రైనింగుకని మైసూరు వెళ్ళాడు. నాన్న ఆడిట్ పని మీద వారం రోజులు వరంగల్‌లో ఉన్నారు. మొదటి రోజు ఎవరికీ చెప్పలేదు. రెండో రోజు పొద్దున్న, అమ్మ కూరల బజారుకు వెళ్ళినప్పుడు, నానమ్మ నా జడ వేయబోయి మెడ మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి, ఎంతో సంతోషంగా, "నానమ్మా, జ్వరం వచ్చింది! నిన్నట్నుంచీ ఉంది. నాన్న చీర కొనాలి ఇక" అన్నాను.

"నోర్ముయ్యి గుంటా" అంది. ఆవిడ గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. గుమ్మంలోకి పరిగెత్తి, "యాదమ్మా! ఆటో పిలువమ్మా, ఆటో" అని కేకేసింది.

పెద్దమ్మ వచ్చి నా నుదురు ముట్టుకుని, "అయ్యో, పోరి ఒళ్ళు పెనం తీరుగ కాలుతున్నది. జెర ఆగమ్మా, అన్నం తిని పోదురు" అంది.

"ఆగను. ఒకపాలి ఆగేను సాలు." పెద్దమ్మ కూడా మాతో ఆటో ఎక్కింది.

పద్మారావు నగర్‌లో డాక్టరు గది ముందు బెంచీ మీద ఆవిడ నన్ను ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. అంతకుముందు ఆవిడ డాక్టరు గుమ్మం ఎక్కడం ఎవరూ చూడలేదు. లోపలికి వెళ్ళగానే చేతులు జోడించి, "సూది ఏస్తారా బాబూ? ఎంత పెద్ద సూదైనా ఎయ్యండి" అంది. డాక్టరు నవ్వి రక్తం తీయించారు. టైఫాయిడ్ కావచ్చని, మంచివేళకు తెచ్చారని, మందులు మానకుండా వేసుకుంటే భయం లేదని చెప్పారు. బయటికి వచ్చాక ఆవిడ మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఒక్క బండి" అంది. "ఒక్క బండి కట్టించలేకపోయాను. మొగోళ్ళు ఆగమంటే ఆగేను." పెద్దమ్మ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఇంటికి వచ్చాక ఆవిడ నన్నూ అమ్మనూ పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆడికి సెప్పకండి" అంది.

"ఎందుకు? గెలిచావు కదా" అన్నాను నేను.

"ఏటి గెలవడం? నా పిల్ల నిన్ను పీడించిందని ఆడు నమ్మాలా? ఆడి కూతురి మీదకి ఆడప్ప జొరం పంపిందని నమ్మి, బయపడి సీర పెట్టాలా? అలాగ నాకొద్దు. అది ఎవరికీ సెడ్డ సెయ్యదు. బతికినన్నాళ్ళూ సీమక్కూడా దారిచ్చింది. దాని మీద మాట పడనీను."

పెద్దమ్మ అడిగింది: "మరి నువ్వు ఓడిపోతవ్ గదమ్మా?"

"ఓడిపోతే ఓడిపోతాను."

నేను ఒట్టు వేశాను. వారం తర్వాత నాన్న వచ్చేసరికి జ్వరం దిగింది. మాత్రలు జామెట్రీ బాక్సులో పెట్టుకుని మిగతా రోజులు మింగాను. నేను చిక్కిపోయినా, మాట్లాడకపోయినా నాన్నకు అనుమానం రాలేదు. నేనెప్పుడూ అలాగే ఉండేదాన్ని. మాట్లాడని మనిషికి ఉండే సౌకర్యం అది. ఆ రోజంతా ఏం జరిగిందో డైరీలో నాలుగు పేజీలు రాశాను.

శ్రావణం మొదటి శుక్రవారం నాన్న ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్ళారు. పెట్టె ముందు నానమ్మ, ఆవిడ ఎదురుగా ఆయన. "చెప్పమ్మా. ఈ ఏడాది ఎవరికైనా ఏమైనా అయిందా?" చాలా మర్యాదగా అడిగారు. ఆయన ముఖంలో గెలిచిన గర్వం కూడా లేదు. ఏదైనా అయిందని ఆవిడ చెప్పి ఉంటే మాట తప్పేవారు కాదని నాకు తెలుసు. పక్క వీధిలో చీరల షాపు అప్పటికే తెరిచి ఉంది.

నానమ్మ నా వైపు చూడలేదు. "ఏటీ అవ్వలేదు" అంది.

నాన్న స్టూలు వేసుకుని తనే పెట్టెను అటక మీదికి జరిపారు. దిగి, చేతులు దులుపుకుని, తల్లి కాళ్ళకు దణ్ణం పెట్టబోయి, ఏమనుకున్నారో, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. ఆ చిలకాకుపచ్చ చీర నేను కట్టుకోవలసిన చీర. అది లోపలే ఉండిపోయింది.

నానమ్మ ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. పెట్టె మాట ఎత్తలేదు. కూరలు మాత్రం వంటింట్లో తరగడం మానేసి అటక కిందికి వచ్చి కూర్చుని తరిగేది. చేతుల మీది పసుపు కొన్ని నెలలకు వెలిసిపోయింది. ఆవిడ పోయినప్పుడు నాన్న కర్మకాండ ఏదీ చేయలేదు. సంతాపసభ పెట్టారు. మేడ మీద షామియానా వేసి, ఆదివారం స్నేహితులందరినీ పిలిచి, ఆయన మాట్లాడారు: "మా అమ్మ చదువుకోలేదు. అయినా డెబ్బయ్యేళ్ళ వయసులో ఒక ప్రయోగం చేసి, దాని ఫలితాన్ని ఒప్పుకుని, జీవితమంతా నమ్మినదాన్ని వదులుకుంది. అంత తెరిచి ఉన్న మనసు నేనింకెక్కడా చూడలేదు." ఆయన గొంతు బొంగురుపోయింది. అందరూ తలలూపారు. నేను టీ కప్పుల పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "చెప్పవే. ఇప్పుడన్న చెప్పు" అంది. విమానమొకటి వచ్చింది. నాన్న వేలెత్తి ఆగారు. మోత ఆగగానే నోరు విప్పడానికి ఆ కాస్సేపూ నాకు దొరికింది. నేను మాట్లాడలేదు. ఒట్టు ఉందని డైరీలో రాసుకున్నాను, కానీ నన్ను ఆపింది ఒట్టు కాదు, భయం. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ కథను ఆయన సభల్లో చెబుతూనే ఉన్నారు.

ఇప్పుడు మా ఇంటి మీద విమానాలు లేవు. విమానాశ్రయం ఊరవతలికి పోయింది. బేగంపేటకు మెట్రోలో వెళ్తున్నారు. అమ్మ పోయి మూడేళ్ళయింది, యాదమ్మ పెద్దమ్మ అంతకుముందే పోయింది. నేను ఒక బడిలో లైబ్రరీ చూస్తున్నాను. ఆదివారం చర్చలకు వచ్చేవాళ్ళలో ఇద్దరు లేరు, ఒకాయన మఠంలో చేరారు, ఆయన పేరు నాన్న ముందు ఎత్తకూడదు. అన్నయ్య మాత్రం పూర్తిగా మారిపోయాడు. ఉద్యోగంలో ఒకసారి మనుషుల్ని తీసేస్తున్నప్పుడు ఎవరో గురువు దగ్గరికి వెళ్ళి, అప్పటి నుంచి పొద్దున్నే రెండు గంటలు పూజ, నెలకో హోమం. ఏది శాస్త్రంలో ఉందో, ఏది లేదో అతనికి కచ్చితంగా తెలుసు. మాట్లాడేటప్పుడు చూపుడువేలు అచ్చం నాన్నలాగే ఎత్తుతాడు. తండ్రీ కొడుకులు ఒక గదిలో పది నిమిషాలు కూర్చోలేరు.

ఆ పెట్టె విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటయ్యారు. "చెత్తలో వెయ్యమ్మా, ఎలాగూ చివికిపోయింది" అన్నారు నాన్న. "చచ్చిపోయినవాళ్ళ చీరలు ఇంట్లో ఉంచకూడదు. పేరంటాళ్ళూ అవీ శాస్త్రంలో లేవు" అన్నాడు అన్నయ్య. సామాను ఎత్తేవాళ్ళు గుమ్మంలో నిలబడి ఎవరి మాట వినాలో తెలియక నా వైపు చూశారు. మూత తీశాను. చీర రంగు అలాగే ఉంది. ఎత్తబోతే మడత ఉన్న చోటల్లా చీలి, పలకలు పలకలుగా చేతిలోకి వచ్చింది.

అప్పుడు నేను జీవితంలో మొదటిసారి ఇద్దరి ముందూ గొంతెత్తాను. కట్టేసిన పుస్తకాల మూట విప్పి, ఆ ఏడాది డైరీ వెతికి తీసి, ఆ నాలుగు పేజీలూ నిలబడి చదివాను. ఆటో, బెంచీ, పెద్ద సూది, ఒక్క బండి, ఒట్టు, అన్నీ. నాన్న అడ్డుపడకుండా చివరిదాకా విన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు ఆశ పుట్టింది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది అమ్మేనా?" అన్నారు.

"అవును నాన్నా. నానమ్మే."

"చూశావా మరి. అంటే తాయెత్తు కాదు, మందేనని లోపల ఒప్పుకుంది. నేను చెప్పిందే కదా."

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "మీకు అర్థం కావట్లేదు నాన్నా. చీర వద్దనుకున్న ఏడాదే దీనికి ప్రాణం మీదకి వచ్చింది. అంటే దోషం ఉన్నట్టే. ఆ పేరంటాలే పీడించింది. అందుకే ఆ పెట్టె ఇంట్లో ఉండకూడదంటున్నాను."

డైరీ మూసేశాను. నానమ్మ పోయాక కూడా ఇన్నేళ్ళు ఏ మాట ఆ పిల్ల మీద పడకుండా ఉందో, ఆ మాట ఇప్పుడు పడింది. నేను చదవబట్టే పడింది. ఒక్కసారి నోరు విప్పితే జరిగింది అది.

ముక్కలన్నీ ఏరి మళ్ళీ పెట్టెలో సర్దాను. నాతో తీసుకెళ్తానన్నాను. వాళ్ళిద్దరూ ఏదో అంటున్నారు, వినలేదు. తీసుకెళ్ళి ఏం చేస్తానో నాకూ తెలియదు. నేను నమ్మను, నమ్మకపోవడం కూడా నాకు చేతకాదు. చీర ఎలా పెట్టాలో, ఏ మాటలు అనాలో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మూత వేస్తుంటే ఒకటి తట్టింది. ఇన్నేళ్ళలో ఆమె పేరు నాకు తెలియలేదు. దేవత పేరు ఎత్తకూడదని నానమ్మ పేరంటాలమ్మ అనేది, లేదా నా పిల్ల అనేది. అమ్మకూ తెలియదు. డైరీలన్నీ తిరగేసినా దొరకదు.

"అత్త పేరేంటి నాన్నా?" అని అడిగాను.

ఆయన నోరు తెరిచారు. చూపుడువేలు మెల్లగా పైకి లేచింది. పైన ఏ మోతా లేదు. ఖాళీ గదిలో సీలింగు ఫ్యాను కూడా విప్పేశారు. ఆ వేలు అలాగే చాలాసేపు ఉండిపోయింది.

"నేను అప్ప అనే పిలిచేవాణ్ణి" అన్నారు.